కొత్త దేశం, పాత జెర్సీ: ఆటగాడు ఎవరి తరఫున ఆడాలి?

2016 యూరో కప్‌లో స్విట్జర్లాండ్, అల్బేనియా తలపడిన మ్యాచ్ వీడియో చూసి మీరు ఈ ప్రశ్న వేశారు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురు జట్లలో ఎలా ఉన్నారు? వాళ్ళ అమ్మానాన్నలది కొసావో అయితే కొసావోకే ఎందుకు ఆడలేదు? ఒక ప్రాంతం విడిపోయి దేశమైతే అక్కడి ఆటగాళ్ళ సంగతేంటి? రెండు పాస్‌పోర్టులు ఉంటే ఏది చెల్లుతుంది? ఆటగాళ్ళ అర్హత కాగితాలు చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ అన్నదమ్ముల విషయం. అన్న తౌలాంట్ జాకా అల్బేనియాకు, తమ్ముడు గ్రానిట్ జాకా స్విట్జర్లాండ్‌కు ఆడారు. ఇద్దరూ పుట్టింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. కొసావోకు చెందిన అల్బేనియా జాతివాడైన వాళ్ళ నాన్న, అప్పట్లో కొసావో కూడా భాగంగా ఉన్న యుగోస్లావియాలో రాజకీయ ఖైదీగా మూడేళ్ళకు పైగా జైల్లో ఉండి, ఆ తర్వాత కుటుంబంతో స్విట్జర్లాండ్ చేరుకున్నాడు. జూన్ 11న ఫ్రాన్స్‌లోని లాంస్‌లో మ్యాచ్ జరుగుతుంటే, సగం స్విస్ జెండా, సగం అల్బేనియా జెండా కలిపి కుట్టిన టీషర్టు వేసుకుని వాళ్ళమ్మ గ్యాలరీలో కూర్చుంది. స్విట్జర్లాండ్ 1-0తో గెలిచింది. మరి కొసావో ఎక్కడ? కొసావో సెర్బియా నుంచి విడిపోయి 2008 ఫిబ్రవరిలోనే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. కానీ ఫిఫాలో, ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏలో సభ్యత్వం దొరికింది 2016 మేలో, అంటే ఈ మ్యాచ్‌కు నెల ముందు. అన్నదమ్ములు ఏ జట్టుకు ఆడాలో తేల్చుకోవాల్సిన వయసులో కొసావో జట్టు అనేదే అధికారికంగా లేదు. లేని జట్టును ఎవరు ఎంచుకుంటారు?

ఇక్కడే అందరూ పొరబడతారు. పాస్‌పోర్టు చేతికొస్తే ఆడొచ్చు అనుకుంటారు. నిజానికి మూడు తలుపులున్నాయి, మూడింటి తాళాలూ వేర్వేరు మనుషుల దగ్గరుంటాయి. పౌరసత్వం ఇచ్చేది ప్రభుత్వం. ఆ దేశాన్ని ఆటల్లోకి రానిచ్చేది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, లేదా ఆ ఆటకు సంబంధించిన ప్రపంచ సమాఖ్య. ఇక ఈ ఆటగాడు ఇంతకుముందు ఇంకెవరికైనా ఆడాడా, ఆడితే ఎప్పుడు, ఎలాంటి మ్యాచ్ అని చూసేది ఆ సమాఖ్య అర్హత నిబంధన. కొత్త దేశం పుట్టినప్పుడు మొదటి తలుపు ఒక్క రోజులో తెరుచుకోవచ్చు. మిగతా రెండింటికీ ఏళ్ళు పడతాయి. ఈలోపు ఆటగాడి వయసు మాత్రం ఆగదు.

రెండో తలుపు ఎంత బిగుసుకుపోతుందో జూడో క్రీడాకారిణి మాజ్లిండా కెల్మెండిని చూస్తే తెలుస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు కొసావో తరఫున వెళ్ళే దారి లేక అల్బేనియా తరఫున వెళ్ళింది. మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కొసావో పేరుతోనే బరిలో దిగి గెలిచింది, ఎందుకంటే జూడో సమాఖ్య అప్పటికే కొసావోను చేర్చుకుంది. 2014లో అదే చాంపియన్‌షిప్ రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో జరిగింది. రష్యా కొసావోను గుర్తించదు, అందుకని జూడో సమాఖ్య జెండా కింద ఆడి మళ్ళీ గెలిచింది. ఆ ఏడాది డిసెంబర్‌లో ఒలింపిక్ కమిటీ కొసావోను గుర్తించింది. 2016లో రియోలో కొసావో జెండా పట్టుకుని నడిచింది, 52 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. ఆ దేశానికి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. మనిషి ఒకరే, ఊరు ఒకటే, నాలుగేళ్ళలో మూడు రకాల గుర్తింపులు.

ఒలింపిక్ కమిటీ 1996లో నిబంధన మార్చింది. అప్పటినుంచి 'దేశం' అంటే అంతర్జాతీయ సమాజం గుర్తించిన స్వతంత్ర రాజ్యం అని అర్థం. అంతకుముందే చేరినవాళ్ళను మాత్రం కదపలేదు. అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టో రికో 1948 నుంచి సొంత జట్టుతో ఆడుతోంది, హాంకాంగ్ కూడా అంతే. కానీ ఫారో దీవులకు ఫుట్‌బాల్‌లో ఫిఫా సభ్యత్వం ఉంది, పారాలింపిక్స్‌లో సొంత జట్టుంది, ఒలింపిక్స్‌లో మాత్రం లేదు. అక్కడివాళ్ళు ఒలింపిక్స్‌కు వెళ్ళాలంటే డెన్మార్క్ జట్టులో చోటు సంపాదించాలి. ఎందుకిలా అంటే, ఎవరు ముందు క్యూలో నిలబడ్డారన్నదే కారణం. ఇందులో పెద్ద సూత్రం వెతకొద్దు.

ఇక మూడో తలుపు. నా దగ్గరికొచ్చిన గొడవల్లో చాలావరకు ఇక్కడివే.

ఒలింపిక్ చార్టర్ ప్రకారం ఒక దేశానికి ఆడి, తర్వాత పౌరసత్వం మార్చుకుంటే, పాత దేశం తరఫున చివరిసారి ఆడిన రోజు నుంచి మూడేళ్ళు ఆగాలి. పాత దేశం ఒలింపిక్ కమిటీ, ఆ ఆట సమాఖ్య ఒప్పుకుంటే గడువు తగ్గించొచ్చు, తీసేయొచ్చు కూడా. ఒప్పుకోకపోతే? కెన్యాలో పుట్టిన స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు దూకుతూ పరుగెత్తే పోటీ) పరుగు వీరుడు స్టీఫెన్ చెరోనో 2003లో ఖతార్ పౌరసత్వం తీసుకుని సైఫ్ సయీద్ షహీన్ అయ్యాడు. కెన్యా సడలింపు ఇవ్వలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఇంట్లో కూర్చుని చూడాల్సి వచ్చింది. స్టీపుల్‌చేజ్ ఫైనల్ అయిన పది రోజులకే బ్రసెల్స్‌లో 7 నిమిషాల 53.63 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు.

అయితే దేశమే విడిపోయినప్పుడు లెక్క వేరు, ఇది చాలామందికి తెలియదు. ప్రాంతం స్వాతంత్ర్యం పొందినా, రెండు దేశాలు కలిసిపోయినా, సరిహద్దు మారినా, ఆటగాడు పాత దేశానికే కొనసాగొచ్చు, లేదా కొత్త దేశాన్ని ఎంచుకోవచ్చు. ఈ ఎంపిక ఒక్కసారే. తొందరపడి సంతకం పెట్టాక, అక్కడ కోచ్ బాగాలేడనో, నిధులు లేవనో వెనక్కి రావాలంటే ఈ దారి మూసుకుపోయినట్టే. అందుకే కొత్త దేశం ఏర్పడిన ఉత్సాహంలో ఉన్న ఆటగాళ్ళకు నేనిచ్చే సలహా ఒకటే: ఊరేగింపులో నడవండి, సంతకం మాత్రం వారం ఆగి పెట్టండి.

ఫుట్‌బాల్‌లో అప్పట్లో ఇంకా కఠినం. మునీర్ ఎల్ హద్దాదీ అనే కుర్రాడు 2014 సెప్టెంబర్‌లో, 19 ఏళ్ళ వయసులో, స్పెయిన్ తరఫున యూరో క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లో చివరి 13 నిమిషాలు ఆడాడు. మళ్ళీ పిలుపు రాలేదు. మొరాకోకు ఆడతానన్నాడు. ఫిఫా కాదంది, 2018 ప్రపంచ కప్‌కు ముందు లౌసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు కూడా కాదంది. 13 నిమిషాలకు ఆరేళ్ళు ముడిపడిపోయాయి. 2020లో ఫిఫా నిబంధన సడలించింది: 21 ఏళ్ళు నిండకముందు మూడు సీనియర్ మ్యాచ్‌లకు మించకుండా ఆడి, అవి ప్రపంచ కప్ లేదా ఖండ స్థాయి ఫైనల్ టోర్నీ మ్యాచ్‌లు కాకుండా, చివరి మ్యాచ్ జరిగి మూడేళ్ళు దాటితే మారొచ్చు. మొదటి దేశానికి ఆడేనాటికే రెండో దేశం పౌరసత్వం కూడా ఉండి ఉండాలి. మునీర్ చివరికి 2021లో మొరాకో జెర్సీ వేసుకున్నాడు.

మరి కొసావో వాళ్ళు? ఫిఫా ఒక్కొక్కరి దరఖాస్తూ విడివిడిగా చూస్తానంది. 2016 సెప్టెంబర్ 5న ఫిన్లాండ్‌లోని తుర్కులో కొసావో తొలి ప్రపంచ కప్ క్వాలిఫైయింగ్ మ్యాచ్. వాలోన్ బెరిషా అప్పటికే నార్వేకు ఆడి ఉన్నాడు. అతనితో పాటు మరికొందరికి అనుమతి వచ్చింది మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు. రెండో సగంలో పెనాల్టీని గోల్‌గా మలిచి 1-1తో మ్యాచ్‌ను నిలబెట్టింది ఆ బెరిషానే. ఆ రోజు ఆ జట్టు మేనేజర్ టెన్షన్ ఎలా ఉండుంటుందో నేను బాగా ఊహించగలను.

ఊహించగలనని ఎందుకన్నానంటే, నేనూ ఒకసారి తప్పు చేశాను. దేశం మారిన ఒక అమ్మాయి ఫైలు నా చేతికొచ్చింది. ఆమె జనన ధ్రువపత్రంలో ఉన్న దేశం ఇప్పుడు మ్యాపులోనే లేదు. సమాఖ్య ఆన్‌లైన్ ఫారంలో పుట్టిన దేశాల జాబితాలో ఆ పేరే రాదు. ఆ చిక్కు విప్పడంలో పడి అసలు విషయం దగ్గర తప్పటడుగు వేశాను: మూడేళ్ళ గడువును కొత్త పాస్‌పోర్టు తేదీ నుంచి లెక్కపెట్టాను. ఆ ఆట నిబంధన ప్రకారం లెక్క మొదలవ్వాల్సింది పాత దేశానికి ఆడిన చివరి పోటీ నుంచి, అది పాస్‌పోర్టు కన్నా ఏడాదికి పైగా ముందు. ఆమె అర్హురాలై ఉండి కూడా ఒక పెద్ద పోటీకి ఎంట్రీ పంపలేదు. నేను చెప్పినప్పుడు ఆమె ఏమీ అనలేదు, ఫోన్ మాత్రం పెట్టేసింది. అప్పటినుంచి ఏ ఆటలో ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలో ముందు నిబంధన ప్రింట్ తీసి చూడనిదే కాగితం ముట్టుకోను. అథ్లెటిక్స్‌లో ఒక తీరు, ఫుట్‌బాల్‌లో ఇంకో తీరు.

దేశాలు కూలిపోయినప్పుడు ఏం జరిగిందో చూడాలంటే 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌ను మించింది లేదు. సోవియట్ యూనియన్ అప్పటికి లేదు. బాల్టిక్ దేశాలు మూడూ సొంతంగా వచ్చాయి, మిగతా 12 రిపబ్లిక్‌లు కలిసి 'యూనిఫైడ్ టీమ్'గా ఆడాయి. బెలారస్ జిమ్నాస్ట్ విటాలీ షెర్బో అక్కడ ఆరు స్వర్ణాలు గెలిచాడు. జట్టు స్వర్ణానికి ఒలింపిక్ జెండా ఎగిరింది, వ్యక్తిగత స్వర్ణాలకు బెలారస్ జెండా ఎగిరింది. ఇక యుగోస్లావియా మీద 1992 మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 757వ తీర్మానంతో ఆంక్షలు పెట్టింది. దాంతో వాళ్ళ ఫుట్‌బాల్ జట్టును యూరో నుంచి తీసేశారు. ఆఖరి నిమిషంలో వాళ్ళ స్థానంలో వచ్చిన డెన్మార్క్ ఏకంగా కప్పు ఎత్తుకుపోయింది! ఒలింపిక్స్‌లో మాత్రం జట్టు ఆటలు ఆపి, వ్యక్తిగత పోటీదారులను 'స్వతంత్ర ఒలింపిక్ పార్టిసిపెంట్లు'గా రానిచ్చారు. షూటర్ యాస్నా షెకారిచ్ అలాగే వచ్చి రజతం గెలిచింది. ఆమె 1988లో యుగోస్లావియా తరఫున స్వర్ణం గెలిచింది. 1992లో ఏ దేశమూ లేదు. 1996, 2000లో సెర్బియా, మాంటినెగ్రో మిగిలిన యుగోస్లావియా. 2004లో 'సెర్బియా అండ్ మాంటినెగ్రో'. 2008, 2012లో సెర్బియా. ఆమె దేశం మారలేదు, దేశమే ఆమె చుట్టూ మారుతూ పోయింది.

చిన్న ప్రాంతాల విషయంలో ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు. కరీబియన్‌లో నెదర్లాండ్స్ కిందున్న దీవుల సమూహం నెదర్లాండ్స్ యాంటిలిస్ 2010 అక్టోబర్ 10న రద్దయింది. మరుసటి ఏడాది ఒలింపిక్ కమిటీ దాని గుర్తింపు తీసేసింది. 2008లో ఆ దీవుల తరఫున పరుగెత్తిన చురాండీ మార్టినా 2012లో నెదర్లాండ్స్ తరఫున 100, 200 మీటర్ల ఫైనల్స్‌కు చేరాడు. అదే లండన్‌లో గువోర్ మారియల్ అనే మారథాన్ రన్నర్ ఒలింపిక్ జెండా కింద పరుగెత్తాడు. దక్షిణ సూడాన్ 2011 జులైలో దేశమైంది, కానీ ఒలింపిక్ కమిటీ ఇంకా లేదు. సూడాన్ తరఫున రమ్మంటే, తాను పారిపోయి వచ్చిన దేశానికి ఆడనన్నాడు. దక్షిణ సూడాన్‌కు గుర్తింపు 2015లో వచ్చింది.

ఇంకా దేశం కాని చోట, ఉద్యమం నడుస్తుండగానే ఆడుతున్నవాళ్ళ పరిస్థితి ఇంకో రకం. వాళ్ళను ఒక అభిప్రాయం చెప్పమని అందరూ పీకుతారు, చెప్పాక అందరూ తిడతారు. స్కాట్లాండ్ సైక్లిస్ట్ క్రిస్ హోయ్ 2013లో, స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోతే స్కాటిష్ క్రీడాకారులకు సౌకర్యాల విషయంలో కష్టమవుతుందని అన్నాడు. గ్లాస్గోలో ఇండోర్ వెలోడ్రోమ్ వచ్చిందే 2012లో, అంతకుముందు అతను మాంచెస్టర్ వెళ్ళి సాధన చేసేవాడు. అనుభవం చెప్పాడంతే, ఆన్‌లైన్‌లో తిట్లు తిన్నాడు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2014 సెప్టెంబర్ 18న, సరిగ్గా ఆ విడిపోవడం మీద ఓటింగ్ జరిగిన రోజు పొద్దున, విడిపోవడానికి అనుకూలంగా అనిపించే ట్వీట్ పెట్టి, వద్దన్నవాళ్ళ తిట్లు తిన్నాడు. విచిత్రం ఏంటంటే అతనికి ఆ రెఫరెండంలో ఓటే లేదు. స్కాట్లాండ్‌లో నివసించేవాళ్ళకే ఓటు, అతనేమో ఇంగ్లండ్‌లో ఉండేవాడు. 2017 అక్టోబర్‌లో స్పెయిన్ నుంచి విడిపోవాలా అని కాటలోనియాలో జరిగిన ఓటింగ్ తర్వాత ఫుట్‌బాలర్ జెరార్డ్ పికే స్పెయిన్ జట్టు శిబిరానికి వెళ్తే సొంత అభిమానులే ఈలలు వేసి వెళ్ళిపొమ్మన్నారు. అతను అడిగింది ఓటు వేసే హక్కు గురించి.

కాటలోనియాకు క్రీడల్లో ఇంతకన్నా చేదు జ్ఞాపకం రోలర్ హాకీలో ఉంది. 2004లో ప్రపంచ సమాఖ్య తాత్కాలిక సభ్యత్వం ఇచ్చింది, మకావులో రెండో శ్రేణి ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడి గెలిచేశారు. కొన్ని వారాలకే అమెరికాలోని ఫ్రెస్నోలో జరిగిన సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ పెట్టి ఆ సభ్యత్వాన్ని తోసిపుచ్చారు. ఆటలో గెలిచి మీటింగులో ఓడారు.

తైవాన్‌లో ప్రజలే స్వయంగా తేల్చారు. ఒలింపిక్ కమిటీతో 1981లో కుదిరిన ఒప్పందం ప్రకారం వాళ్ళు 'చైనీస్ తైపీ' పేరుతో, వేరే జెండాతో ఆడతారు. పతకం వస్తే జాతీయ గీతం కూడా రాదు, జెండా పాట వస్తుంది. 2018 నవంబర్‌లో 'తైవాన్' పేరుతో ఆడాలని రెఫరెండం పెడితే ఓడిపోయింది. పేరు మారిస్తే గుర్తింపే పోవచ్చని ఒలింపిక్ కమిటీ హెచ్చరించింది, చాలామంది క్రీడాకారులు మాకు పోటీలు పోతాయి బాబోయ్ అన్నారు. వాళ్ళను దేశభక్తి లేనివాళ్ళని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పదేళ్ళ సాధనను ఒక్క పేరు మీద పణంగా పెట్టమనడం తేలిక, పెట్టేవాడికి కదా తెలిసేది.

పెట్టినవాళ్ళూ ఉన్నారు. 1958 ఏప్రిల్‌లో రషీద్ మెఖ్లూఫీ, ముస్తఫా జితూనీ వంటి, అప్పటికి ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఫ్రాన్స్ క్లబ్బులు వదిలేసి రహస్యంగా ట్యునిస్ చేరారు. స్వీడన్ ప్రపంచ కప్ ఇంకో రెండు నెలలే ఉంది, ఫ్రాన్స్ జట్టులో వాళ్ళకు చోటు దొరికే అవకాశం గట్టిగా ఉంది. విముక్తి ఉద్యమం పేరుతో జట్టు కట్టి నాలుగేళ్ళు దేశదేశాలు తిరిగి ఆడారు, ఫిఫా ఆ జట్టును గుర్తించలేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక మెఖ్లూఫీ తన పాత క్లబ్ సాంతెతియెన్‌కే తిరిగొచ్చి ఆడాడు.

పాత పతకాలు కొత్త దేశానికి వస్తాయా అని కూడా అడిగారు. రావు. 1936 బెర్లిన్ మారథాన్ గెలిచిన సోన్ కీ-చుంగ్ కొరియావాడు, కానీ కొరియా అప్పుడు జపాన్ పాలనలో ఉంది. పేరు కూడా జపాన్ పద్ధతిలో నమోదైంది. పోడియం మీద చేతిలో ఉన్న ఓక్ మొక్కతో చొక్కా మీది సూర్యుడి గుర్తును కప్పుకున్నాడు. సియోల్‌లోని దొంగ-ఆ ఇల్బో పత్రిక ఫొటోలో ఆ గుర్తును చెరిపేసి అచ్చువేస్తే పత్రికను నెలల తరబడి మూయించారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి పరుగెత్తుకొచ్చింది ఆయనే. రికార్డుల్లో ఆ పతకం నేటికీ జపాన్ ఖాతాలోనే ఉంది.

రెండు పాస్‌పోర్టుల సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. భారత్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో జాతీయ జట్టుకు ఆడనివ్వదు. ఫుట్‌బాలర్ ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే 2013లో భారత్‌కు ఆడాడు. జపాన్ చట్టం కూడా అప్పట్లో 22 ఏళ్ళకల్లా ఒకటి ఎంచుకోమనేది (2022లో ఆ వయసును 20కి తగ్గించారు), టెన్నిస్ క్రీడాకారిణి నవోమీ ఒసాకా 2019లో జపాన్‌ను ఎంచుకుంది. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టినవాళ్ళకు 1998 ఒప్పందం ప్రకారం బ్రిటిష్, ఐరిష్ పౌరసత్వాలు రెండూ ఉండొచ్చు. వినడానికి హాయిగా ఉంది కదా, గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్‌ను అడగండి. గోల్ఫ్ ఒలింపిక్స్‌లోకి తిరిగొస్తోందని తెలిసిన దగ్గర్నుంచి ఎవరి తరఫున ఆడతావన్న ప్రశ్న అతన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది.

క్రికెట్ అభిమానులకు వెస్టిండీస్ గుర్తొచ్చే ఉంటుంది. 1962లో వెస్టిండీస్ ఫెడరేషన్ కూలిపోయి జమైకా, ట్రినిడాడ్, ఆ తర్వాత బార్బడోస్ వేర్వేరు దేశాలయ్యాయి, క్రికెట్ జట్టు మాత్రం ఒకటిగానే మిగిలింది. ఒలింపిక్స్‌లో ఆ పప్పులు ఉడకవు, అక్కడ ఎవరి దేశం వాళ్ళదే.

అన్నీ సవ్యంగా మార్చుకున్నా గ్యారంటీ లేదనడానికి బ్రూస్ కెన్నెడీ ఉన్నాడు. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) జావెలిన్ త్రోయర్. అక్కడి తెల్లవాళ్ళ మైనారిటీ ప్రభుత్వం 1965లో ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1972లో ఆఫ్రికా దేశాలు బహిష్కరిస్తామనడంతో మ్యూనిక్ ఒలింపిక్స్ దాకా వచ్చిన రొడీషియా జట్టును ఆటలకు కొద్దిరోజుల ముందు తప్పించారు. 1976లోనూ రానివ్వలేదు. ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టను, ఆ పాలన అలాంటిది. కెన్నెడీ అమెరికా పౌరుడై, 1980 అమెరికా ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు. ఆ ఏడాది మాస్కో ఒలింపిక్స్‌ను అమెరికాయే బహిష్కరించింది.

చివరగా ఒక మాట. అర్హత పత్రం చేతికొచ్చాక కూడా వీసా అనే గోడ ఒకటుంటుంది. 2018లో ఢిల్లీలో జరిగిన మహిళల ప్రపంచ బాక్సింగ్‌కు కొసావో బాక్సర్ దొంజెటా సదికుకు వీసా దొరకలేదు, కారణం భారత్ కొసావోను గుర్తించకపోవడమే. 2010లో మాంచెస్టర్‌లో లాక్రాస్ (వల కట్టిన కర్రలతో బంతిని పట్టి విసిరే ఆట) ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఉత్తర అమెరికా ఆదివాసుల హోడెనోషోనీ జట్టు బయల్దేరింది. ఆ ఆటను పుట్టించింది వాళ్ళే. తమ సొంత పాస్‌పోర్టుల మీదే వెళ్తామన్నారు. అమెరికా ఆ ఒక్కసారికి సరేనంది, బ్రిటన్ మాత్రం రానివ్వలేదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే సాయంత్రానికి విమానం ఎక్కొచ్చు, అయినా న్యూయార్క్ హోటల్లోనే ఉండిపోయారు, ఇంగ్లండ్‌తో తొలి మ్యాచ్ ఆడకుండానే వదులుకున్నారు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో లాక్రాస్ మళ్ళీ ఒలింపిక్స్‌లోకి వస్తోంది. వాళ్ళు సొంత జట్టుకు అవకాశం అడుగుతూనే ఉన్నారు, ఒలింపిక్ కమిటీ మాత్రం అమెరికా జట్టులోనో కెనడా జట్టులోనో ఆడుకోమంటోంది.